సమస్యాపూరణం: "నీరు తాగి నిప్పు నింగి కెగసె"

ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. పైన మూడు పాదాలు మీరు రాసి, అందులో కనిపించే విరోధం తీరేలా పూరించాలి. తిరుపతి–పాకాల దారి మీటర్‌గేజ్‌గా ఉన్న రోజుల్లో బొగ్గింజన్లు చూసినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. చిత్తరంజన్ రైలింజన్ల కర్మాగారంలో చివరి మీటర్‌గేజ్ ఆవిరి ఇంజన్ తయారైంది 1972లో. ఆ తర్వాతా ఏళ్ళ తరబడి ఆ కూతలు విన్నాం. కాబట్టి ఇంజన్ల మీదే రాయండి.

పాకాల నుంచి:
బొగ్గు మింగి యుబ్బి పొగలు గక్కుచు వచ్చి
తొట్టి నీటి కొరకు తొందరపడి
ఆగి దప్పి తీరి యరచి ముందుకు దూక
నీరు తాగి నిప్పు నింగి కెగసె.

నిర్వాహకుడు: ఎత్తుగడ బాగుంది తమ్ముడూ. 'తొందరపడి / ఆగి' దగ్గర విసంధి, అంటే రెండు అచ్చులు కలవకుండా విడిగా నిలిచాయి. 'యాగి' అంటే చాలు, యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన పొత్తు) చెడదు. ఇంజన్ తొట్టిలో తాగదు కదా, స్టేషన్లో వంపు గొట్టం కింద నిలబెట్టి వెనక టెండర్‌లోకి (బొగ్గూ నీళ్ళూ మోసే పెట్టెలోకి) నీళ్ళు వదిలేవాళ్ళు.

రేణిగుంట నుంచి:
కూత వినగ లేచి కుర్రవాళ్ళము మేము
పడక వదలి కట్ట పక్క నిలువ
చీకటంత చీల్చి చిమ్మ గొట్టము రవ్వ
నీరు తాగి నిప్పు నింగి కెగసె.

నిర్వాహకుడు: రైలుకట్ట కళ్ళకు కట్టింది సార్. కానీ మూడు పాదాల్లో చుక్క నీరు లేదు, సమస్య అతికించినట్టుంది.

చిత్తూరు నుంచి:
పొగయె కూత యనిరి పొరుగు పిల్లలు నాడు
ఆవిరదని తాత యనగ దెలిసె
కడుపు మండి నీరు కాగి కేకలు వేయ
నీరు తాగి నిప్పు నింగి కెగసె.

నిర్వాహకుడు: తాత చెప్పింది నిజం అమ్మా. డ్రైవర్ పిడి లాగితే బాయిలర్‌లోని ఆవిరి సన్నని సందులోంచి దూసుకొస్తుంది, అదే కూత. పొగకి అందులో పని లేదు. ఇక్కడా 'నాడు / ఆవిరదని' దగ్గర విసంధి ఉంది, సరిచూసుకోండి. అయితే సమస్య ముడి ఇంకోచోట ఉంది. సిలిండర్లలో పని ముగించిన ఆవిరిని పొగగొట్టంలోకే వదులుతారు. అది పైకి తన్నుకుపోతూ పొగని లాగేస్తుంది. ఆ లాగుడుకి పొయ్యిలోకి గాలి జొరబడి మంట రేగుతుంది. బరువు బండి కదిలేటప్పుడు ఛుక్ ఛుక్ అంత గట్టిగా పడేదీ, రవ్వలు లేచేదీ అందుకే. నిప్పుని లేపేది నీరేనన్నమాట! మూడో పాదంలో అది రావాలి.

చిత్తూరు నుంచి: ఇలా మార్చాను, చూడండి గురువుగారూ.
ఆవిరైన జలమె యగ్ని నూదిన వేళ

నిర్వాహకుడు: భేష్! యతి కుదిరింది, విరోధం పోయింది. 'కడుపు మండి' వదులుకోవడం నాకే బాధగా ఉంది, దాన్ని ఇంకో పద్యంలో తప్పకుండా వాడండి.