అప్‌డేట్: కొత్త మల్టీటూల్ కొనలేదు

పదేళ్ల నాటి మల్టీటూల్ (పట్టకారు, కత్తి, స్క్రూడ్రైవర్ వంటివి ఒకే పిడిలో మడిచి ఉండే పరికరం) మార్చి కొత్తది కొనాలా అని నెల క్రితం ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. మిత్రుడి కొత్తది తెచ్చుకుని వారం రోజులు వాడి చూశాను.

మొన్న ఆదివారం స్విచ్‌బోర్డు విప్పాల్సి వచ్చింది. మర లోతుగా, గోడ మూలకు ఉంది. పాతదైనా కొత్తదైనా ఒకటే తీరు: లావుపాటి పిడి గోడకు తగులుతుంది, పావు చుట్టు కూడా తిరగదు. చివరికి పక్కింటి బాబాయిగారి పొడవాటి స్క్రూడ్రైవరే దిక్కయింది!

పట్టకారు మడత విప్పకుండా బయటి నుంచే ఒంటి చేత్తో కత్తి తీసే వీలు లెదర్‌మన్ కంపెనీ వేవ్ మోడల్‌తో 1998లోనే వచ్చింది. మార్పంటే అది. 2019లో అదే కంపెనీ ‘ఫ్రీ’ వరుస మోడళ్లకు అయస్కాంతాలు తోడయ్యాయి. తెరవడం, మూయడం హాయే, ఒప్పుకుంటాను. 2024లో వచ్చిన ‘ఆర్క్’ మోడల్‌లో అవే అయస్కాంతాలు, కత్తికి మాత్రం మాగ్నాకట్ అనే తుప్పు పట్టని గట్టి రకం ఉక్కు. మంచి ఉక్కే, కానీ నేను కోసేది అట్టపెట్టెలు.

ఒక్కటి మాత్రం ఊరించింది: అరిగితే మార్చుకోగల తీగ కోసే అంచులు. నా పాతదానికి ఆ వీలు లేదు. అయినా దాని కీళ్లలో రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి మళ్లీ సంచిలో పెట్టాను.