హై ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టాక పొయ్యి మంట లేచిపోతోంది, తగ్గిస్తే లోపల అంటుకుంటోంది. ఏం చేయాలి?

కావలి టిఫిన్ సెంటర్:
అందరికీ నమస్కారం. దోశె పెనం త్వరగా కాగడం లేదని పెద్ద పొయ్యికి తిప్పుకునే హై ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టించాం. ఇప్పుడు రెండు తలనొప్పులు. ఎక్కువ పెడితే మంట బర్నర్ బొక్కల్ని వదిలేసి పైన ఆడుతుంది. బుస్సుమని ఒకటే శబ్దం, ఫ్యాను గాలి తగిలితే ఆరిపోతుంది. రష్ తగ్గాక మంట తగ్గిస్తే టప్పుమని లోపలికి పోయి జెట్ (గ్యాసు వచ్చే సన్న రంధ్రం) దగ్గర మండుతుంది. బిగించినాయన బొక్కలు డ్రిల్లుతో పెద్దవి చేస్తే సరిపోతుందంటున్నాడు. చేయించమంటారా?

నెల్లూరు పొయ్యిల మెకానిక్:
డ్రిల్లు మాత్రం పెట్టనీయొద్దన్నా. ముందు ఇది చూడండి: లోపల మండుతుంటే ఆ బర్నర్ వాల్వు వెంటనే కట్టేయాలి. బాగా చల్లారాకే మళ్ళీ వెలిగించాలి. అలాగే వదిలేస్తే గొట్టం కాలి, దగ్గర్లో ఉన్న రబ్బరు పైపుకి సెగ తగులుతుంది.

ఇక కారణం. గ్యాసు జెట్‌లోంచి దూసుకొస్తూ పక్కనున్న గాలిని లాక్కుంటుంది. రెండూ గొట్టంలో కలిసి బొక్కల్లోంచి బయటికొస్తాయి. ఎల్పీజీ, గాలి సరిపాళ్లలో కలిస్తే మంట ఆ మిశ్రమంలోకి సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల వేగంతో చొచ్చుకుపోతుంది. మిశ్రమం బయటికి తోస్తుంటుంది, మంట లోపలికి రావాలని చూస్తుంటుంది. బొక్క అంచు దగ్గర మిశ్రమం నెమ్మదిగా కదులుతుంది కాబట్టి రెండూ సరితూగి మంట అక్కడ పట్టుకుని నిలబడుతుంది.

ఇళ్లలో వాడే రెగ్యులేటర్ ఇచ్చేది బయటి గాలి పీడనం మీద సుమారు 30 మిల్లీబార్లే. మీది దానికి ఎన్నో రెట్లు. ప్రెషర్ నాలుగింతలైతే గ్యాసు వేగం దాదాపు రెండింతలవుతుంది. గాలి కూడా ఇంచుమించు అదే లెక్కలో వస్తుంది కనుక మిశ్రమం పాళ్లు పెద్దగా మారవు, మంట వేగమూ మారదు. తోపు మాత్రం డబుల్. లేవక ఏం చేస్తుంది? తగ్గించినప్పుడు తోపు పడిపోతుంది, బర్నర్ తల అప్పటికే ఎర్రగా కాలి ఉంటుంది. వేడెక్కిన మిశ్రమంలో మంట ఇంకా వేగంగా పరిగెత్తి లోపలికి దూరుతుంది.

బొక్కలు పెద్దవి చేస్తే లేవడం తగ్గొచ్చు, లోపలికి పోవడం ఎక్కువవుతుంది. ఎల్పీజీ మంట సుమారు 2 మిల్లీమీటర్ల కన్నా సన్నటి సందులోంచి వెనక్కి రాలేదు, చుట్టూ ఉన్న లోహం దాని వేడిని లాగేస్తుంది. ఆ కాపలా డ్రిల్లుతో పోతుంది.

ప్రెషర్ తగ్గించండి. జెట్ ఆ ప్రెషర్‌కి చేసిందేనా కనుక్కోండి. గాలి షట్టర్ (గొట్టంలోకి గాలి వెళ్లే దారిని మూసే రేకు) కొంచెం మూస్తే లేవడం తగ్గుతుంది, మరీ మూస్తే పసుపు మంట వచ్చి పెనం అడుగు మసి పడుతుంది. జెట్‌లో మేకులు, పిన్నులు పెట్టి కెలకొద్దు.

కావలి టిఫిన్ సెంటర్:
ఇంకో మాటన్నా. పొద్దున బాగానే ఉంటుంది, తొమ్మిదింటికల్లా గ్యాసు బండ మీద చెమట పట్టి మంట నీరసపడుతుంది. రెగ్యులేటర్ పెంచుతాం. బండ మార్చగానే మళ్ళీ మంట ఎగురుతుంది.

నెల్లూరు పొయ్యిల మెకానిక్:
గ్యాసు ఎక్కువ లాగితే లోపలి ద్రవం ఆవిరవుతూ తన వేడిని తనే తినేస్తుంది. బండ చల్లబడితే ప్రెషర్ దిగుతుంది. మీరు తిప్పింది చల్ల బండకి, తర్వాత వచ్చింది వెచ్చటి బండ. అందుకే బండ మార్చే ముందు రెగ్యులేటర్ తగ్గించాలి. రెండు బండలు కలిపి వాడే సెట్టు ఏజెన్సీ వాళ్ల చేతే వేయించుకోండి, ఒక్కో దాని మీద భారం తగ్గుతుంది. బండని వేడినీళ్ల గంగాళంలో పెట్టే పని మాత్రం వద్దు.

ఒంగోలు బీటెక్ కుర్రాడు:
అన్నా, చిన్న డౌట్. ప్రెషర్ పెరిగితే మంట వేగం తగ్గుతుందని మా సార్ చెప్పారు. మీరేమో మారదంటున్నారు?

రిటైర్డ్ మెకానికల్ లెక్చరర్:
ఇద్దరూ చెప్పింది నిజమే బాబూ, ప్రెషర్లే వేరు. రెగ్యులేటర్ ప్రెషర్ జెట్ దగ్గరే ఖర్చయిపోయి గ్యాసు వేగం కింద మారుతుంది. మంట మండేది మాత్రం బయటి వాతావరణ పీడనంలో, అంటే సుమారు 1013 మిల్లీబార్లలో. కావలిలో రెగ్యులేటర్ ఎంత తిప్పినా అది మారదు.

మీ సార్ చెప్పింది గ్యాస్ టర్బైన్ లాంటి వాటి సంగతి. అక్కడ మంట చుట్టూ ఉన్న పీడనమే పది, ఇరవై రెట్లు. మీథేన్ మంట వేగం పది వాతావరణ పీడనాల దగ్గర సుమారు మూడో వంతుకి పడిపోతుంది. మంటను సాగించే గొలుసు చర్యను (ఒక రసాయన చర్య మరోదాన్ని రేపుతూ పోవడం) నడిపే హైడ్రోజన్ పరమాణువుల్ని ఆక్సిజన్ మరో అణువు సాయంతో పట్టేసుకోవడం ఎక్కువవుతుంది కాబట్టి. కానీ సాంద్రత పదింతలు, కనుక సెకనుకు కాలే ద్రవ్యరాశి పెరుగుతుంది. వేగం తగ్గిందంటే మంట బలహీనపడిందని రాసేవాళ్ల పేపర్లు చాలా దిద్దాను.

మంట కుదురుగా నిలవడం మాట కొస్తే, అంత పీడనంలో మంట పొర, అంటే మిశ్రమం కాలే సన్నటి పొర, ఇంకా పలచబడుతుంది. చల్లటి మిశ్రమానికీ కాలిన వాయువుకీ సాంద్రతలో తేడా ఉంటే మంట పొర తనంతట తానే ముడతలు పడుతుందని శాస్త్రవేత్తలు డారియస్ 1938లో, లాండావ్ 1944లో లెక్కగట్టారు. చిన్న ముడతల్ని సరిచేసేది పొర మందమే. అది తగ్గేసరికి మంట గళ్లుగళ్లుగా విరిగి, ఉపరితలం పెరుగుతుంది. మంటను ఆపే సందు కూడా ఇంకా సన్నగా ఉండాలి. టర్బైన్లలో మంట వెనక్కి రావడానికి అంత భయపడేది అందుకే.

కావలి టిఫిన్ సెంటర్:
ప్రెషర్ తగ్గించి, షట్టర్ కాస్త మూశానన్నా. మంట బొక్కల మీద కుదురుగా కూర్చుంది, తగ్గించినా టప్పుమనడం లేదు. పెనం మాత్రం మళ్ళీ ఆలస్యమే.

నెల్లూరు పొయ్యిల మెకానిక్:
పెనానికి బర్నర్ చిన్నదై ఉంటుంది. అంచుల కింద మంట ఉందో లేదో వంగి చూడండి. లేకపోతే ఎక్కువ బొక్కలున్న పెద్ద బర్నర్, దానికి తగ్గ జెట్ తీసుకోండి. పెనం కొలత, ఇప్పుడున్న జెట్ మీద నంబరు ఇక్కడ పెట్టండి, సైజు చెప్తాను.