లోబచేవ్‌స్కీ ఏ ఊరివాడు: పుట్టిన నీఝ్నీ నోవ్‌గొరోద్‌కా, పెరిగిన కజాన్‌కా?

వోల్గా పాఠకుడు:
రష్యాలో ఓకా నది వోల్గాలో కలిసే చోట 1221లో వెలసిన నీఝ్నీ నోవ్‌గొరోద్ ప్రముఖుల పేర్లు చెప్పేటప్పుడు గణితవేత్త లోబచేవ్‌స్కీని ముందువరుసలో నిలబెట్టడం సరికాదని నా అభిప్రాయం. ఆయన 1792లో అక్కడ పుట్టిన మాట నిజమే కాని, పదేళ్లు నిండకముందే వోల్గా ఒడ్డునే ఉన్న మరో నగరం కజాన్‌లో బడిలో చేరారు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే చదివి, బోధించి, 1827 నుంచి 19 ఏళ్లు దానికి అధిపతిగా ఉన్నారు. యూక్లిడ్ సమాంతర రేఖల సూత్రాన్ని పక్కనపెట్టి ఆయన నిర్మించిన కొత్త జ్యామితి మొదట అచ్చయిందీ కజాన్ పత్రికలోనే. పురుడు పోసుకున్నంత మాత్రాన ఊరికి అంత హక్కు వస్తుందా?

రేఖాగణితం:
మీ వాదనలో బలముంది కాని, కజాన్ ఆయన్ను ఎలా గుర్తుంచుకుందో కూడా చూడండి. 1925లో కజాన్ విశ్వవిద్యాలయానికి లెనిన్ పేరు పెట్టారు. లెనిన్ అక్కడ చదివింది 1887లో కొన్ని నెలలు మాత్రమే, ఆ ఏడాది డిసెంబరులోనే ఆయన్ను బహిష్కరించారు. లోబచేవ్‌స్కీ పేరును విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నది, 1956లో, ఆయన పుట్టిన ఊరే. ఆదరించి గుర్తుంచుకున్న ఊరికి హక్కు లేదనడం నాకు అన్యాయంగా తోస్తోంది.

పాత పుస్తకాల అర:
గుర్తుంచుకోవడం వేరు, మనిషిని తయారుచేయడం వేరు. గోర్కీ 1868లో నీఝ్నీలో పుట్టినా, పసితనంలోనే కుటుంబంతో ఆస్ట్రాఖాన్ వెళ్లి, 1871లో అక్కడ తండ్రి కలరాతో చనిపోయాక తల్లితో తాతగారింటికి తిరిగివచ్చారు. బట్టలకు రంగులద్దే కార్ఖానా నడిపే ఆ తాత చేతి దెబ్బలు, అమ్మమ్మ చెప్పిన కథలు, పదకొండేళ్లకే పొట్టకూటికి బయటపడటం, ఇవన్నీ ఆయన రచనల్లోకి ఎలా వచ్చాయో మాస్కోలో అచ్చయిన తెలుగు అనువాదాలు చదువుతూ పెరిగిన మా తరానికి బాగా తెలుసు. 'అమ్మ' నవలనైతే 1906లో చాలావరకు అమెరికాలో ఉండి రాశారు. అయినా దానికి మూలం నీఝ్నీ పక్కనే ఉన్న సోర్మొవో కార్మికులు 1902 మే డే నాడు చేసిన ప్రదర్శన. సముద్రాలు దాటినా వెంట వెళ్లిన ఊరు అది. లోబచేవ్‌స్కీ జ్యామితిలో నీఝ్నీని అలా చూపించగలరా?

రేఖాగణితం:
జ్యామితిలో ఏ ఊరినైనా చూపించగలమా? కజాన్‌ను కూడా చూపించలేము. ఆ కొలమానం రచయితలకు సరిపోతుంది, గణితవేత్తలకు సరిపోదు.

నది ఒడ్డు:
మీరంతా యంత్రాల నిర్మాత కులీబిన్‌ను మరిచిపోవడం బాధగా ఉంది. 1735లో నీఝ్నీలోనే పుట్టి, అక్కడే పెరిగి, గుడ్డు ఆకారంలో గడియారం చేసి కేథరిన్ రాణి మెప్పు పొంది, పీటర్స్‌బర్గ్ సైన్స్ అకాడమీ కర్మాగారాలను ముప్పై ఏళ్లు నడిపాక తిరిగి సొంత ఊరికే వచ్చారు. నదీ ప్రవాహపు బలంతోనే ఎదురీదే పడవల కోసం అక్కడ శ్రమించి 1818లో పేదరికంలో కన్నుమూశారు. పుట్టుక, పెంపకం, చివరి శ్వాస మూడూ ఒకే ఊరివైనప్పుడు ముందువరుస ఆయనదే కావాలి.

వోల్గా పాఠకుడు:
కులీబిన్ విషయం ఒప్పుకుంటున్నాను. లెనిన్ పేరు సంగతి చదివాక నా మొదటి మాటను కొంత సవరించుకుంటున్నాను: లోబచేవ్‌స్కీ పేరును నీఝ్నీ పెట్టుకోవడంలో తప్పు లేదు. అయితే ఆయన్ను ఆ ఊరివాడిగా పరిచయం చేసే ప్రతిచోటా "పెరిగింది, పనిచేసింది కజాన్‌లో" అన్న మాట కూడా ఉండాలి. 1932 నుంచి 1990 వరకు తన పేరునే వదులుకుని గోర్కీ పేరును మోసిన నగరానికి ఆ ఒక్క వాక్యం బరువు కాదు.