నీటిధార వంగడం అణువుల ధ్రువ స్వభావానికి రుజువేనా?

చాక్‌పీస్: పదో తరగతికి రసాయన బంధం పాఠం నడుస్తోంది. దువ్వెనను తలకు రుద్ది కుళాయి ధార దగ్గర పెట్టే ప్రయోగం ఈ వానల్లో అసలు పనిచేయడం లేదు. ఇంకో సందేహం: రుణావేశం ఉన్న దువ్వెనకూ, ధనావేశం ఉన్న గాజుకడ్డీకీ రెండింటికీ ధార దగ్గరికే వస్తుంది. ధ్రువ స్వభావం వల్ల ఒక కొన కొంచెం ధనంగా, ఇంకో కొన కొంచెం రుణంగా ఉండే నీటి అణువులు తిరిగి ఎదురు కొన చూపించడం వల్లే అని చెప్పొచ్చా? హైడ్రోజన్ బంధాన్ని (ఒక అణువు హైడ్రోజన్‌కీ పక్క అణువు ఆక్సిజన్‌కీ మధ్య ఆకర్షణ) కూడా దీనికే ముడిపెట్టాలని ఉంది.

బ్యూరెట్: ముందు ప్రయోగం సంగతి. గాలిలో తేమ ఎక్కువుంటే ప్లాస్టిక్ మీద కంటికి కనపడని నీటిపొర కడుతుంది, ఆవేశం దాని మీదుగా జారిపోతుంది. కొబ్బరినూనె రాసిన తల కూడా వద్దు. అడుగు పొడవు పీవీసీ పైపు ముక్కను హెయిర్ డ్రయ్యర్‌తో నిమిషం పాటు వెచ్చబెట్టి, బాగా ఆరిన ఉన్ని గుడ్డతో గట్టిగా రుద్దండి. రెండు సెంటీమీటర్ల దూరం నుంచి కాగితం ముక్కలు ఎగిరి అంటుకుంటేనే నీళ్ల దగ్గరికి వెళ్లండి. కుళాయి కన్నా బ్యూరెట్ (కొలగీతలు, కింద చిన్న కుళాయి ఉన్న సన్నని గాజు గొట్టం) నయం. ధార ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల లావు మించితే వంపు సరిగా తెలియదు. బ్యూరెట్ మొనకు కొంచెం కిందే, ధార వేగం పుంజుకోకముందే పైపు చూపించండి. పైపుకి ఒక్క చుక్క తగిలినా తుడిచి, ఆరబెట్టి, మళ్లీ మొదటి నుంచి రుద్దాల్సిందే.

పొడిలెక్క: రెండో సందేహానికి జవాబు: చెప్పకండి మాస్టారూ. లెక్క వేసి చూడండి. నీటి అణువు ద్విధ్రువ భ్రామకం (ధన, రుణ కొనలు ఎంత బలంగా విడిపడ్డాయో చెప్పే కొలత) 1.85 డిబై, అంటే దాదాపు 6.2 × 10⁻³⁰ కూలుంబ్-మీటర్. గాలిలో స్పార్క్ పుట్టేంత క్షేత్రం, మీటరుకు 30 లక్షల వోల్టులు, ఇచ్చినా అణువును తిప్పే శక్తి 1.9 × 10⁻²³ జౌల్ దాటదు. గది ఉష్ణోగ్రత దగ్గర అణువుల కుదుపు శక్తి 4.1 × 10⁻²¹ జౌల్. అంటే అది ఇందులో అరశాతం కూడా లేదు. బుద్ధిగా ఒకే వైపు తిరిగిన అణువుల బొమ్మ వట్టి ఊహ.

ధారను లాగేది ప్రధానంగా ప్రేరిత ఆవేశం. కుళాయి నీళ్లలో అయాన్లుంటాయి. రుణావేశం ఉన్న పైపు దగ్గరికి రాగానే ధారలోకి ధనావేశం ఎక్కువగా చేరుతుంది, ఎదురు ఆవేశం పైకి, కుళాయి గొట్టం వైపు వెళ్లిపోతుంది. ధార బొట్లుగా తెగినప్పుడు ఆ ఆవేశం బొట్లతోనే పోతుంది. కెల్విన్ 1867లో చేసిన నీటిబొట్ల జనరేటర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. కడ్డీ ఆవేశం మార్చితే ధార ఆవేశమూ మారుతుంది, అందుకే ఎప్పుడూ ఆకర్షణే.

పరీక్షించాలంటే ధార బొట్లుగా తెగే చోట పైపు ఉంచి, ఆ బొట్లను థర్మోకోల్ మీద పెట్టిన స్టీలు గ్లాసులో పట్టి, గ్లాసును ఎలక్ట్రోస్కోప్‌కి (ఆవేశం ఉంటే రేకులు విచ్చుకునే పరికరం) కలపండి. రేకులు విచ్చుకుంటాయి. ధార తెగకుండా గ్లాసులో పడితే మాత్రం ఆవేశం ఆ నీటి గుండానే వెనక్కి పోతుంది, ఏమీ కనిపించదు.

చాక్‌పీస్: మరి హైడ్రోజన్ బంధానికి ఏం చూపించాలి?

బ్యూరెట్: 50 మి.లీ. నీళ్లు, 50 మి.లీ. అబ్సల్యూట్ ఆల్కహాల్ (దాదాపు నీళ్లు లేని ఇథనాల్) విడివిడిగా కొలిచి కలపండి. గ్లాసు వెచ్చబడుతుంది. చల్లారాక చూస్తే 100 రాదు, 96-97 దగ్గర ఆగుతుంది. రెండు రకాల అణువులూ హైడ్రోజన్ బంధాలతో కొత్తగా, మరింత దగ్గరగా సర్దుకుంటాయి. శానిటైజర్ వాడితే తేడా బాగా తగ్గిపోతుంది, అందులో ముందే నీళ్లున్నాయి. దగ్గర్లో మంట ఉండకూడదు సుమా.

బోర్డు మీద ఆక్సిజన్ కుటుంబ మూలకాల హైడ్రైడ్‌ల మరిగే స్థానాలు రాయండి: H₂Te -2, H₂Se -41, H₂S -60 డిగ్రీలు. ఈ వరస ప్రకారం నీరు దాదాపు -80 దగ్గరే మరగాలి. 100 దాకా లాగింది హైడ్రోజన్ బంధాలే. బంధానికి 20 కిలోజౌల్/మోల్ చొప్పున చిన్నవే, కానీ మంచులో ఒక్కో అణువు నాలుగు పొరుగు అణువులతో కట్టుకుంటుంది. అణువు లోపలి O–H బంధం దాదాపు 460. నీరు మరిగేటప్పుడు తెగేది ఆ 20ది, ఈ 460ది కాదు. పిల్లలు పరీక్షలో తప్పుతున్నది ఎక్కువగా ఇక్కడే.

పొడిలెక్క: బొమ్మ గీయించేటప్పుడు చుక్కల గీత ఒక అణువు హైడ్రోజన్ నుంచి పక్క అణువు ఆక్సిజన్ మీది ఒంటరి ఎలక్ట్రాన్ జంటకు వెళ్లాలి. రెండు హైడ్రోజన్ల మధ్య గీస్తే మార్కు పోతుంది. కోణం 104.5 డిగ్రీలు వేయడం మరిచిపోకండి. అణువు తిన్నగా ఉంటే కార్బన్ డయాక్సైడ్‌లోలాగే రెండు బంధాల ధ్రువాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని భ్రామకం సున్నా అయ్యేది.