వైజాగ్ నుంచి కళింగపట్నం దాకా 5 రోజులు, అమ్మతో, హడావిడి లేకుండా కుదురుతుందా?

అలల_చప్పుడు (ప్రశ్న):
అందరికీ నమస్కారం అండి. డిసెంబర్ రెండో వారంలో హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్దాం అనుకుంటున్నాం, నేను మావారు, ఎనిమిదేళ్ళ బాబు, మా అమ్మ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు కానీ గుళ్ళంటే ప్రాణం. బాబుకేమో సముద్రం చాలు. నాకు పాత కట్టడాలు చూడటం ఇష్టం. పోయినసారి వేరే ఊరెళ్తే ట్రావెల్స్ వాళ్ళిచ్చిన ప్లాన్ పట్టుకుని మూడు రోజుల్లో పద్నాలుగు చోట్లు తిరిగాం, అమ్మ రెండో రోజే రూమ్‌లో పడుకుండిపోయింది, అందుకే ఈసారి అలా వద్దు. సింహాచలం, అరకు, భీమిలి, శ్రీకూర్మం, అరసవల్లి రాసుకున్నాను. ఏవి ఉంచాలి ఏవి తీసేయాలి? తిండి గురించి కూడా చెప్పండి, మేం చేపలు తింటాం, అమ్మ తినదు.

తీరం_వెంట:
ముందు అరకు తీసేయండి. బాగుండదని కాదు, చాలా బాగుంటుంది, కానీ అది కొండ ట్రిప్పు, పోనూ రానూ ఘాట్ రోడ్డులో ఒక రోజు మొత్తం పోతుంది, మీ అమ్మగారికి నడుము పట్టేస్తుంది. దానికి ఇంకోసారి విడిగా రండి.

రెండే చోట్ల దిగండి. మూడు రాత్రులు వైజాగ్ భీమిలి మధ్య బీచ్ రోడ్డులో, ఒక రాత్రి శ్రీకాకుళంలో. రోజూ పెట్టె సర్దడం ఉండదు, సగం అలసట అక్కడే తగ్గుతుంది.

బాబుని ఆర్కే బీచ్‌లో మాత్రం నీళ్ళలోకి దింపకండి, పైకి మామూలుగానే కనిపిస్తుంది కానీ లోపలికి లాగేస్తుంది, ఈత వచ్చినవాళ్ళు కూడా పోయారు. యారాడ కూడా అంతే. ఋషికొండలో లైఫ్‌గార్డులు ఉంటారు, వాళ్ళు చూపించిన చోటే, పొద్దున్న పూట, మోకాళ్ళ లోతు వరకే ఆడించండి. ఆర్కే బీచ్‌కి సాయంత్రం వెళ్ళి ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తినండి, అక్కడ చేయాల్సిన పని అదే. ఎదురుగా కుర్సుర సబ్‌మెరైన్ ఉంది, 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది, 2002 నుంచి మ్యూజియం. బాబు ఎగిరి గంతేస్తాడు కానీ లోపల గుండ్రటి ద్వారాల్లోంచి వంగి కాలు ఎత్తి దాటాలి కాబట్టి అమ్మగారిని బయటే కూర్చోబెట్టండి. సోమవారం సెలవు.

బౌద్ధ_బాట:
పాత కట్టడాలు అన్నారు కదా, తొట్లకొండ వదలొద్దు అండి, పాత బౌద్ధ ఆరామం అది. భీమిలి రోడ్డులోనే, కారు పైదాకా వెళ్తుంది కాబట్టి అమ్మగారికీ ఇబ్బంది లేదు. 1976లో నేవీ వాళ్ళు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడిందట, అప్పటిదాకా కొండ మీద ఏముందో లోకానికి తెలీదు. భిక్షువులు వర్షం నీళ్ళు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి, కొండకి ఆ పేరు వాటి వల్లే. నేను వెళ్ళినప్పుడు రాత్రి వాన పడి ఒక తొట్టి నిండా నీళ్ళు, మబ్బులు అందులో కనిపిస్తున్నాయి, దిగువన సముద్రం. గంట సేపు ఎవరం మాట్లాడలేదు. సాయంత్రం నాలుగింటికి వెళ్ళండి, మధ్యాహ్నం నీడ ఉండదు.

అక్కణ్ణుంచి భీమిలి వైపు ఎర్రమట్టి దిబ్బలు. అంచుల మీదకి ఎక్కకుండా కింద నుంచే చూడండి, ఆ మట్టి ఇట్టే జారిపోతుంది, మనం తొక్కిన కొద్దీ అరిగిపోతున్నాయి. భీమిలిలో డచ్ వాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, గోస్తని సముద్రంలో కలిసే చోటు అన్నీ దగ్గర దగ్గరే.

సిక్కోలు_అమ్మాయి:
మా శ్రీకాకుళం వస్తున్నారంటే సంతోషం అక్కా. అందరూ వైజాగ్ చూసి వెనక్కి వెళ్ళిపోతారు.

నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరితే సుమారు రెండు గంటలు. అరసవల్లి ఊళ్ళోనే. ఆదివారం మాత్రం వద్దు, సూర్యదేవుడి గుడి కదా, క్యూలో అమ్మగారు నిలబడలేరు. తర్వాత శ్రీకూర్మం. స్వామి కూర్మరూపంలో పడమర ముఖంగా ఉంటాడు, అందుకే రెండు ధ్వజస్తంభాలు. మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలు చాలావరకు వెలిసిపోయాయి, నెమ్మదిగా చూస్తేనే కనిపిస్తాయి, దర్శనం అయిపోయిందని పరిగెత్తకండి. గుళ్ళో నక్షత్ర తాబేళ్ళు ఉంటాయి, బాబుని అక్కణ్ణుంచి కదిలించడం కష్టమే.

సాయంత్రం కళింగపట్నం. వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుంది, ఒకప్పుడు పెద్ద రేవు, ఇప్పుడు పాత లైట్‌హౌస్, సరుగుడు తోటలు, జనం తక్కువ. ఓపిక ఉంటే దారిలో శాలిహుండం, కొండ మీద ఇటుక స్తూపాలు, పైనుంచి వంశధార కనిపిస్తుంది, కానీ నడిచి ఎక్కాలి, అమ్మగారు కిందే ఉంటే మంచిది.

తిండికొస్తే, చేపలు పెద్ద హోటల్లో కాకుండా భీమిలి వైపు చిన్న మెస్‌ల్లో మధ్యాహ్నం తినండి, ఆ పొద్దున పడవలకి ఏం పడిందో అడిగి అదే చేయించుకోండి, వంజరం ఉంటే వేపుడు, నెత్తళ్ళు ఉంటే చింతకాయ పులుసు. అమ్మగారి భోజనం వేరేచోట చూసుకోండి, ఒకే వంటింట్లో రెండూ వండితే పెద్దవాళ్ళకి సయించదు. ఆ రోజుల్లో తేగలు వస్తాయి, రోడ్డు పక్కన కట్టలు కట్టి అమ్ముతారు, కాల్చినవి ఒలిచి మధ్యలో ఉండే లేత మొలకని, చందమామ అంటాం దాన్ని, విడిగా తీసి బాబుకి పెట్టండి. వెళ్ళేటప్పుడు మాడుగుల హల్వా.

అలల_చప్పుడు:
ఎంత బాగా చెప్పారండి అందరూ. అరకు తీసేశాం. సింహాచలం మొదటి రోజు సాయంత్రం, శాలిహుండం నేనూ బాబూ మాత్రమే ఎక్కుతాం. అమ్మకి ఇదంతా చదివి వినిపించాను, తేగల దగ్గర ఆపేసి, చిన్నప్పుడు వాళ్ళ నాన్న పాతర తవ్వి తెచ్చేవాడని అరగంట చెప్పింది. ఒక్కటి చెప్పు చెల్లీ, శ్రీకూర్మంలో తాబేళ్ళకి మనం ఏమైనా పెట్టనిస్తారా?

సిక్కోలు_అమ్మాయి:
ఆకుకూర పెడతారు అక్కా, కానీ అక్కడున్నవాళ్ళని అడిగి, వాళ్ళు సరే అంటేనే పెట్టండి. బిస్కెట్లు మాత్రం అస్సలు వద్దు.