‘వేషధారులారా’ సరే, మరి ‘నిష్కపటమైన ప్రేమ’ ఎక్కడి నుంచి వచ్చింది?

అందరికీ వందనాలు. బైబిల్ తెలుగులో ఒక మాట గురించి అడుగుతున్నా. మతం మీద చర్చ వద్దు, మాట మీదే చెప్పండి.

మాది కాజీపేట. నా చిన్నప్పుడు ఒక ఆదివారం అయ్యగారు మత్తయి సువార్త 23వ అధ్యాయం మీద వాక్యం చెప్పారు. “అయ్యో, వేషధారులైన శాస్త్రులారా, పరిసయ్యులారా” అని ఆయన బల్ల గుద్దినప్పుడల్లా నాకు మా అమ్మమ్మ ఊళ్లో చూసిన చిందు భాగోతమే కళ్ల ముందుకొచ్చేది. ముఖానికి అర్దళం, నెత్తిన కిరీటం, కాళ్లకు గజ్జెలు. ఇంటికి నడుస్తుంటే బాపును అడిగిన: “ఏషం కడితే యేసు ప్రభువుకు అంత కోపం ఎందుకు బాపూ?”

ఆ ప్రశ్న మరీ పిచ్చిదేం కాదని ఈ మధ్యే తెలిసింది. గ్రీకు మూలంలో అక్కడున్న మాట ‘హుపొక్రితేస్’. నాటకంలో వేషం కట్టేవాడని అర్థం. ముఖానికి మాస్కు తొడుక్కుని ఆడేవాళ్లు. మన అనువాదకులు ‘వేషధారి’ అనడం గురి చూసి కొట్టినట్టుంది.

నా గొడవ ఇంకోచోట. రోమా పత్రిక 12:9లో “మీ ప్రేమ నిష్కపటమైనదై యుండవలెను” అని ఉంది కదా. అక్కడ గ్రీకులో ఉన్నది ‘అనుపొక్రితొస్’. అంటే అదే మాటకు ముందు ‘కాని, లేని’ అనే అర్థమిచ్చే ముక్క చేర్చారు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే ‘వేషం లేని ప్రేమ’. గ్రీకు విన్నవాడికి ఈ రెండు మాటలూ ఒకే తాడుకు రెండు కొసలు. తెలుగులో ఆ తాడు తెగిపోయింది. పైగా వేషం అనే మాట మనం రోజూ వాడేదే. “ఏషాలెయ్యకు” అని తిట్టని తల్లి వరంగల్‌లో ఉండదు. నిష్కపటం మాత్రం చర్చిలోనే వింటాం. ఇంటికొస్తే “కల్లాకపటం లేని మనిషి” అంటాం తప్ప ఎవరినీ నిష్కపటి అనం. అందుకే తిట్టేమో సూటిగా తగులుతుంది, చేయమన్న పని నెత్తి మీంచి పోతుంది. మీరేమంటారు?

పరకాల, రిటైర్డ్ తెలుగు టీచర్:
‘వేషం లేని ప్రేమ’ వినడానికి బాగుంది తమ్ముడూ, కానీ వేషాన్ని ఊరికే తక్కువ చేయొద్దు. చిందు వాళ్లు జాంబపురాణం ఆడతారు. మా ఊళ్లో ఎల్లమ్మ వేషం కట్టినామెకు జనం కాళ్లు కడిగి మొక్కేవాళ్లు. అది మోసం కాదు, అది వేషమని చూసేవాడికీ తెలుసు, ఆడేవాడికీ తెలుసు. బైబిల్‌లో తప్పు పట్టింది వేషాన్ని కాదు, వేషమని చెప్పకపోవడాన్ని. ఆ తేడా ‘కపటం’లోనే ఉంది. అనువాదకుడు తెలిసే మార్చాడేమో!

హనుమకొండ, డిగ్రీ విద్యార్థి:
“చిత్తశుద్ధి లేని శివపూజలేలరా” అని మన వేమన చెప్పిందే కదా సార్ ఇది. అదే పద్యంలో భాండశుద్ధి కూడా ఉంది. ఇక్కడ మత్తయిలోనూ “గిన్నెయు పళ్లెమును వెలుపట శుద్ధిచేయుదురు” అని గిన్నెలు కడగడమే. ‘చిత్తశుద్ధి గల ప్రేమ’ అంటే సరిపోదా?

నేను:
గిన్నెల పోలిక భలే పట్టావు. చిత్తశుద్ధి మాత్రం నాకు ఆనడం లేదు. నా చిత్తం నాకే తెలుస్తుంది. వేషం ఉందో లేదో ఎదుటివాడికి కూడా తెలుస్తుంది, ముఖ్యంగా డబ్బుల దగ్గర. టీచర్ గారూ, మీరన్నది ఒప్పుకుంటా. కానీ యాకోబు పత్రిక 3:17 చూడండి. అక్కడా అదే ‘అనుపొక్రితొస్’, తెలుగులో మాత్రం “పక్షపాతమైనను వేషధారణయైనను లేనిదియునై యున్నది” అని పెట్టారు. అంటే వేషంతో చెప్పడం వాళ్లకు చేతగాక కాదు. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా చేశారు.

మహబూబాబాద్ నుంచి ఒక అక్క:
మీరంతా వేషం పట్టుకున్నారు, ‘ధారి’ని వదిలేశారు. గలతీ 3:27 చదవండి: “క్రీస్తును ధరించుకొనియున్నారు.” కొలస్సీ 3:12లో జాలిని, దయను, వినయాన్ని ధరించుకోమన్నారు. తెలుగులో అదే ధాతువు! వేషం ధరించినా ధరించడమే, క్రీస్తును ధరించినా ధరించడమే. నేను స్త్రీల కూటంలో ఇట్లనే చెప్తా: ఆట అయ్యాక విప్పి పెట్టెలో పెట్టేది వేషం, పొలం పనికి కూడా కట్టుకుపోయేది బట్ట.

ఇంకొకటి. “అయ్యో” అన్నమాటను అందరూ శాపంలాగా ఉరుముతారు. తెలుగులో ఎవరైనా పడిపోతే కదా అయ్యో అంటాం! మా డోర్నకల్ బిషప్ అజరయ్య గారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు, బాప్తిస్మం తీసుకునేవాళ్ల చేత వాళ్ల తల మీద వాళ్లే చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు అయ్యో అని పలికించేవారు. అక్కడ అయ్యో ఎదుటివాడికి కాదు, తనకే.

హనుమకొండ, డిగ్రీ విద్యార్థి:
అక్కా, ఈ కోణం అసలు తట్టలేదు. అన్నా, ఇంతకీ ఆ రోజు మీ బాపు ఏం జవాబు చెప్పారు?

నేను:
ఏమీ చెప్పలేదు తమ్మీ. నవ్వి ఊరుకున్నాడు. కానీ ఆ అధ్యాయంలోనే పుదీనా, సోపు, జీలకర్రలో పదో వంతు ఇచ్చి న్యాయం, కనికరం వదిలేశారని ఉంటుంది కదా. మాది కిరాణా కొట్టు, బాపు సంఘ పెద్ద. సోమవారం పొద్దున కొట్టు తీయగానే ఒకామె వంద గ్రాముల జీలకర్ర అడిగింది. బాపు తరాజులో వంద గ్రాముల రాయి పెట్టి, మళ్లీ తీసి, తిప్పి అడుగు చూశాడు. ఇనుప రాళ్లకు అడుగున చిన్న గుంత ఉంటుంది, తూకం సరిచేయడానికి అందులో సీసం పోస్తారు. ఆ రాయిలో సీసం ఎప్పుడో ఊడిపోయింది. అంటే రాయి తేలిక, సరుకు తక్కువ. నాకు తెలియదు కానీ అమ్మ ముఖం చూస్తే ఆమెకు ముందే తెలిసినట్టుంది. బాపు రాయి పక్కన పెట్టి, రెండు యాభైలు వేసి తూచి, మీదికెళ్లి ఇంకో చిటికెడు వేశాడు. ఆమె “ఏంది సేటు, ఇయ్యాల పండుగనా?” అంది.

ఆ రాయి ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఉంటుంది. అడుగున గుంత అట్లనే ఉంది. గ్రూపులో తూనికల పని తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి, ఆ సీసం ముద్దకు తెలుగులో ఏదన్నా పేరుందా?