సైకాలజిస్టుకు ఎం.ఫిల్ ఒక్కటీ ఉంటే స్కిజోఫ్రెనియా, బైపోలార్ కేసులు చూడొచ్చా? ఇంకో ఏడాది శిక్షణ కావాలా?

పెన్నాగట్టు, నెల్లూరు:
2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తించిన చదువు ఉండాలి. ఇన్నాళ్ళూ మామూలుగా అయితే సైకాలజీలో పీజీ, ఆపైన రెండేళ్ళ ఎం.ఫిల్. ఆ రెండేళ్ళలోనే ఐక్యూ పరీక్షలు, పిల్లల సమస్యలు, ఆందోళన, మద్యం అన్నీ నేర్చుకోవాలి. లేని గొంతులు, లేనిపోని అనుమానాలు వచ్చే స్కిజోఫ్రెనియా వాటిలో ఒక ముక్క. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2019లో తీవ్ర మానసిక వ్యాధుల సైకాలజీని విడి స్పెషాలిటీగా గుర్తించింది. మనకూ ఎం.ఫిల్ మీద ఇంకో ఏడాది పెట్టాలంటాను.

ఎందుకంటే ఆందోళనకు పనికొచ్చే పద్ధతి ఇక్కడ హాని చేయగలదు. మనిషి కుర్చీలో నిలవలేక కాళ్ళు కదిలిస్తూ, లేచి తిరుగుతూ ఉంటాడు. కొత్తవాళ్ళు దాన్ని ఆందోళన అనుకుని రిలాక్సేషన్ మొదలుపెడతారు. ఈమధ్య హాలోపెరిడాల్ లాంటి మందు మొదలుపెట్టారా, డోసు పెంచారా అని అడిగితే అది అకతీసియా అయ్యుండొచ్చని అర్థమయ్యేది. మందు వల్ల వచ్చే బాధ అది. అదే రోజు సైకియాట్రిస్టుకు ఫోన్ చేయాలి. ఆలస్యమైతే మనిషి మందే మానేస్తాడు, చావు ఆలోచనల్లోకీ పోవచ్చు. ఇంకొకటి: గొంతులు వినపడే మనిషిని కళ్ళు మూసుకోమని అరగంట ధ్యానం చేయిస్తే, గదిలో అతనికి మిగిలేవి ఆ గొంతులే. కళ్ళు తెరిచి, పది నిమిషాలకు మించకుండా, మధ్యమధ్యలో మాట్లాడిస్తూ చేయించాలి.

ఉదయగిరి కొండ:
అన్నా, జబ్బు సరిగ్గా పట్టారు, మీరు చెప్పిన మందు మాత్రం ఒప్పుకోను. ఈ ఏడాది శిక్షణ పెట్టేది ఏ బెంగళూరులోనో చెన్నైలోనో. అక్కడికి పోయినోళ్ళలో ఎంతమంది తిరిగి మన జిల్లాకు వస్తారు? వచ్చినా నెల్లూరు ట్రంక్ రోడ్డు మీద క్లినిక్ పెడతారు. బ్రిటన్ వైద్య సంస్థ నైస్ మార్గదర్శకాలు సైకోసిస్‌కు (లేని గొంతులు, భ్రమలు వచ్చే స్థితికి) మాటల చికిత్స కనీసం 16 సిట్టింగులు చెప్తాయి. ఉదయగిరి నుంచి నెల్లూరుకు 16 వారాలు రావాలంటే తోడు మనిషితో కలిపి 32 కూలిరోజులు పోతాయి. నాలుగో సిట్టింగుకే ఆగిపోతారు. మందులకు వచ్చే రోజే సిట్టింగు పెట్టి, మధ్య వారాల్లో ఫోన్లో పావుగంట మాట్లాడే పద్ధతి ముందు నేర్పండి.

ఏఎస్ పేట దర్గాకు జబ్బు మనుషులను తీసుకొచ్చే కుటుంబాలున్నాయి. తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టేసిన మనుషులు మంటల్లో పోయారు. ఆ తర్వాత కూడా చదువు ఒకచోట, మనుషులు ఇంకోచోట ఉంటే ఎట్టా? గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా ఆవరణలోనే మందూ ప్రార్థనా పక్కపక్కన నడిపారు. మనకు కావాల్సింది అది.

గుండ్లకమ్మ, ఒంగోలు:
ఇద్దరూ కాలాన్నీ దూరాన్నీ లెక్కేస్తున్నారు. నేనైతే కేసులు లెక్కేస్తాను. కనీసం పది మందిని ఒక్కొక్కరిని ఆరు నెలలు చూసి ఉండాలి. అందులో ముగ్గురు వార్డులో ఉధృతంగా ఉన్న దశ నుంచి చూసినవాళ్ళు, నలుగురు కుటుంబంతో సహా పూర్తి చేసినవాళ్ళు అయ్యుండాలి. అనుమతితో రికార్డు చేసిన సిట్టింగును అనుభవజ్ఞులు వారానికి గంటసేపు విని తప్పులు చెప్పాలి. పుస్తకంలో దొరకనిది అక్కడే దొరుకుతుంది.

ఉదాహరణకు ప్రశ్న అడగటమే చూడండి. "మాటలు వినపడతాయా?" అంటే "ఆఁ, మీరు మాట్లాడేది వినపడతానే ఉంది" అంటారు. "చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు కూడా ఎవరో మాట్లాడినట్టు వినపడుతుందా? ఎంతమంది? ఏం చేయమంటారు? చేయనంటే ఏమవుతుంది?" అని వరసగా పోవాలి. ఆఖరి ప్రశ్న అడక్కుండా ఇంటికి పంపకూడదు. సెల్ టవర్ నుంచి తన ఆలోచనలు వింటున్నారని చెప్పే మనిషితో వాదిస్తే మీరూ వాళ్ళ మనిషైపోతారు, అవునంటే నమ్మకం గట్టిపడుతుంది. ఎప్పుడు మొదలైంది, నూటికి ఎంత నమ్మకం, దీనివల్ల ఏ పని మానేశారు? ముందు ఈ మూడే అడగాలి. మానేసిన పని దగ్గర నుంచి నరుక్కురావాలి.

హుషారు, దిగులు మారిమారి వచ్చే బైపోలార్‌కు మన ప్రాంతం సంగతి తెలియాలి. రొయ్యల గుంటల దగ్గర నీళ్ళకు గాలినిచ్చే ఏరేటర్లు ఆగకుండా రాత్రంతా కాపలా ఉంటారు. నిద్ర చెడితే మేనియా (హద్దు దాటిన హుషారు) తిరగబడొచ్చు. వరసగా రెండు రాత్రులు నిద్ర తగ్గినా హుషారు తగ్గకపోతే అదే మొదటి గుర్తు. రాత్రి డ్యూటీ మార్పించడం కూడా చికిత్సే. దీనికి లిథియం అనే మందు వాడేవాళ్ళకు ఎండాకాలం మరీ కష్టం. చెమటో విరేచనాలో ఎక్కువై ఒంట్లో నీళ్ళూ ఉప్పూ తగ్గినా, బీపీ అని ఉన్నట్టుండి ఉప్పు మానేసినా, నొప్పులకు డైక్లోఫెనాక్ మింగినా రక్తంలో లిథియం పెరుగుతుంది. చెయ్యి మామూలుకన్నా పెద్దగా వణికి, నడక తూలి, మాట ముద్దయితే ఆ పూటే ఆస్పత్రి. పరీక్షకు రక్తం తీసేది చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు. మందు రాసేది సైకాలజిస్టు కాదు. కానీ వారం వారం మనిషిని చూసేది ఆయనే.

పెన్నాగట్టు:
కేసుల లెక్కకు ఒప్పుకుంటాను మేడమ్. వార్డు మాత్రం వదలను, మూడు నెలలైనా అక్కడే ఉండాలి. చేతబడి అన్న ప్రతి మాటా భ్రమ కాదని కూడా అక్కడే తెలుస్తుంది. ఇంటిల్లిపాదీ నమ్మేదాన్ని జబ్బు ఖాతాలో రాయకూడదు. "మేమూ నమ్ముతాం గానీ వీడిది మరీ విపరీతం, అన్నం కూడా ముట్టడంలేదు" అని తల్లే అంటే అప్పుడు ఆలోచించాలి.

చీమకుర్తి నుంచి:
మీ చర్చ తేలేలోపు ఇంట్లోవాళ్ళు సైకాలజిస్టును ఏం అడిగి తెలుసుకోవాలో చెప్పండి సార్.

గుండ్లకమ్మ:
ఆర్‌సీఐ సీఆర్ఆర్ నంబరు (రిజిస్ట్రేషన్ నంబరు) అడగండి, దాచేది కాదు. ఇట్టాంటి కేసులు ఎన్ని చూశారు, ఇప్పుడు ఎవరి పర్యవేక్షణలో ఉన్నారు, సైకియాట్రిస్టుతో నేరుగా మాట్లాడతారా అని అడగండి. సైకియాట్రిస్టును అడగకుండా మందులు ఆపేయమంటే అక్కడి నుంచి లేచి రండి. రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మనిషి ప్రాణం మీదికి తెచ్చుకునేట్టుంటే మాత్రం ఫోన్ల మీద ఉండకుండా 108 పిలిచి పెద్దాసుపత్రికి తీసుకుపోండి, వాడే మందుల చీటీ వెంట పెట్టుకోండి.